ధూల్‌పేట్ బొంగులో దొరికిన గళ్ల పురుగు

అక్కా,

వెదురును తొలిచే పురుగులను వేటాడి తినే గళ్ల పెంకుపురుగు మన పాతబస్తీలోనూ ఉంటుందని, కాలేజీలో పాఠాలు చెప్పినన్నాళ్లూ వెతికావు. ఒక్కటీ దొరకలేదు. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున ధూల్‌పేట్‌లో నువ్వు వెళ్లే బొంగుల దుకాణానికి వెళ్లాను.

"మేడం రాలేదా?" అన్నాడు యజమాని యాదయ్య. చెప్పాను. విని లోపలికెళ్లి అగ్గిపెట్టె తెచ్చాడు.

"మొన్న బొంగు చీలిస్తే గిది ఎల్లింది. మేడం అడిగింది గిదేనేమోనని దాచిపెట్టిన."

చీమలాంటి నడుము, రెక్కల మీద తెల్లపట్టీ. నీ నోట్‌బుక్కులో గీసుకున్న బొమ్మలాగే ఉంది.

ఇంటికొచ్చి దాన్ని నీ పురుగుల పెట్టెలో గుచ్చాను. చీటీ మీద చోటు, తేదీ రాశాను. పట్టినవారి పేరు దగ్గర నీ పేరు రాయబోయి ఆగాను. నువ్వైతే ఒప్పుకోవు. యాదయ్య అని రాశాను.