హాస్టల్ కాటుక

పిన్నీ,

ఇక కాటుక పంపకు. తప్పు నీది కాదు. ఇంట్లో చేసిందేగా, ఏం కాదులే అని అమీర్‌పేట హాస్టల్లో అందరం ఒకే భరిణెలో వేళ్లు పెట్టాం. రెండ్రోజులకి అందరి కళ్లూ ఎర్రగా వాచాయి.

ఆ కళ్లతోనే బంజారా హిల్స్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాను. ఇదీ పోతే ఇంటికి రమ్మన్నాడు నాన్న. "రాత్రంతా జావా చదివావామ్మా?" అన్నాడు ఇంటర్వ్యూ చేసినాయన జాలిగా. అవునన్నాను. ఉద్యోగం ఇచ్చేశాడు.

పంజాగుట్ట కళ్ల డాక్టరమ్మకి ఆ జాలి లేదు. "ఇంట్లో చేసిందని క్రిములకేం తెలుసు? ఎవరి కాటుక వాళ్లే పెట్టుకోవాలి. కళ్లు నయమయ్యేదాకా అదీ వద్దు" అని తిట్టి, భరిణె పారేయించింది.

అప్పట్నుంచీ నా రూమ్మేట్ మానస నా మీద అలిగి ఉంది. "గా భరిణె జర దాచొద్దా? సోమవారం నాకు సుత ఇంటర్వ్యూ ఉన్నది" అంటోంది.

నీ అక్క కూతురు