దగ్గుల మాస్టారి శతజయంతి

పూజ్యులైన బావగారికి, మీ కళ్లద్దాల కొట్టు బావమరిది నమస్కారాలు.

ఇక్కడ అందరూ కులాసా, నేను తప్ప. మా సంగీత సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. సమావేశానికి రానివాణ్ణి ఎన్నుకోవడం మావాళ్ల పద్ధతి. ఆ రోజు నేను జలుబుతో పడుకున్నాను. నా సంగీత పాండిత్యం మీకు తెలిసిందే. మీరు వయొలిన్ శ్రుతి చేసుకుంటుంటే పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టినవాణ్ణి.

మా సభ్యులు ఊరికే పాట వినడానికి రారు. ఎవరిదో జయంతో వర్ధంతో అయితేనే వస్తారు. పెద్ద విద్వాంసులవన్నీ అయిపోయాయి. ఈ నెలాఖరుకి హాలు తీసేసుకున్నాం. తీరా చూస్తే పుట్టినవాడూ లేడు, పోయినవాడూ లేడు. మీ ఎరుకలో ఎవరైనా ఉంటే చూసిపెట్టండి.

మీ మాట కోసం ఎదురుచూస్తూ,
బావమరిది

తా.క.: ఎవరైనా ఫరవాలేదు. శనివారం పడితే చాలు.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మీ అక్కయ్య నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కిందటేడు మీ హాల్లోనే నేను వాయిస్తే, కాఫీకని లేచిన జనం మళ్లీ రాలేదు. బతికున్న నన్ను వదిలేసి పోయినవాళ్ల కోసం వెతుకుతున్నావు!

సరే, రాసుకో. ఈ నెలాఖరు శనివారం దగ్గుల మాస్టారి శతజయంతి. పాడేముందు గొంతు సవరించుకోవడం ఆయన పెట్టిన సంప్రదాయమే. అంతకుముందు గాయకులు కూర్చోగానే పాడేసేవారట.

ఇట్లు,
బావ

తా.క.: ఆయన శిష్యుల్లో రెండు శాఖలున్నాయి. పొడిదగ్గు వాళ్లు, తడిదగ్గు వాళ్లు.

*

బావగారికి వెయ్యి నమస్కారాలు.

మీరు నా పరువు నిలబెట్టారు. పళ్ల డాక్టరు, అదే మా అధ్యక్షులవారు, "ఇంతటివాణ్ణి ఎలా మరిచిపోయామయ్యా!" అని కళ్లు తుడుచుకున్నారు. వెంటనే పోస్టర్లు వేయించాం. అవి చూసి మాస్టారి మనవడే వెతుక్కుంటూ వచ్చాడు! రిటైరైన దర్జీ. నా కొట్లో కూర్చుని "ఆయన మా తాతగారండీ" అన్నాడు. మొదటి వరుసలో కుర్చీ వేయిస్తున్నాను.

ఆనందంలో మునిగిన,
బావమరిది

తా.క.: రెండు శాఖలవాళ్లూ పక్కపక్కన కూర్చోవడానికి ఒప్పుకోవడం లేదు. మొన్నటిదాకా ఏ శాఖవాళ్లో వాళ్లకే తెలీదు.

*

బావమరిదీ,

కొంప ముంచావు! ఇది కార్డు. దారిలో పదిమందీ చదువుతారు కనక వివరంగా రాయలేను. అదంతా నా కల్పన. మొత్తం కల్పనే. అర్థమైంది కదా? మీవాళ్ల ముందు నేనే వచ్చి నిలబడతాను.

బావ

తా.క.: మనవడెవడయ్యా?

*

బావగారికి,

అర్థమైంది. పాటలో కల్పన స్వరాలంటారు కదా, అవన్నీ మీరే వాయిస్తానంటున్నారు! అడగడానికి నాకే మొహమాటంగా ఉండింది. ఆహ్వానపత్రంలో "మొత్తం కల్పన: వయొలిన్ బావగారు" అని వేయించేశాను. వాయిద్యం మరిచిపోకుండా రండి.

రైలు దగ్గర కలుసుకునే,
బావమరిది

తా.క.: ఈ కల్పన ఎవరమ్మాయని అధ్యక్షులవారు అడుగుతున్నారు.

*

చిరంజీవి బావమరిదికి,

క్షేమంగా ఇల్లు చేరాను. వేదిక మీద నువ్వు కౌగిలించుకుని వదలకపోవడంతో చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతున్నాను. దగ్గుల మాస్టారనే మనిషి లేడు, ఎన్నడూ లేడు. కుళ్లుతో నేనే పుట్టించాను. ఆ సంగతి ఒప్పుకుందామనే మైకు ముందుకు వచ్చాను. కిక్కిరిసిన హాలు చూడగానే నోరెండిపోయింది. మాట పెగలక గొంతు సవరించుకున్నాను.

అంతే! హాలంతా లేచి నిలబడింది. పొడివాళ్లూ తడివాళ్లూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఇన్నేళ్లు వయొలిన్ అరగదీసినా రాని చప్పట్లు ఒక్క దగ్గుకి వచ్చాయి. ఇంకేం చెప్పను? తల వంచుకుని వయొలిన్ అందుకున్నాను. ఒక్కరూ కదల్లేదయ్యా. సిగ్గుతో వాయించానో, సంతోషంతో వాయించానో తెలీదు గానీ, నా జన్మలో అంత బాగా వాయించలేదు.

నువ్వు కుర్చీలు సర్దిస్తుంటే మనవడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మీతో ఒక మాట చెప్పాలండీ. ఆయన మా తాతగారు కాదు. నాకు చెవులు సరిగా వినపడవు. ముందు వరుసలో మాలాంటివాళ్లని ఎవరు కూర్చోనిస్తారు? అందుకని మనవణ్ణయ్యాను. ఇవాళ మీ వయొలిన్ ప్రతి స్వరం వినపడింది" అన్నాడు.

"మీ తాతగారు ఉంటే ఎంత సంతోషించేవారో!" అన్నాను.

సిగ్గు చచ్చిన,
బావ

తా.క.: హాల్లో పెట్టడానికి మాస్టారి ఫొటో కావాలని అధ్యక్షులవారు నన్ను నిలదీశారు. పటం కట్టించమని మీ అక్కయ్య సంచీలో పెట్టిన మా మామగారిదొక్కటే ఉంది, ఇచ్చేశాను. ఈసారి వెళ్లినప్పుడు గోడ మీద మీ నాన్నగారు కనిపిస్తే కంగారుపడకు.