ఓబులేష్ బొమ్మకు ఆకుపూజ

పత్తికొండ దగ్గరి నుంచి,
జూన్ 2004

ప్రొద్దుటూరు గుడ్డలకొట్టు కెప్టెన్ వాసుదేవ్ గారికి, ఊరిపెద్ద గోపన్న నమస్కారాలు. ఇక్కడ మనుషులం బాగున్నాం, వానే బాగాలేదు.

శ్రీలంక యుద్ధంలో మీ కింద సిపాయిగా చేసి చనిపోయిన మా ఓబులేష్‌కు విగ్రహం పెట్టాలని ఊరంతా అనుకున్నాం. ఆళ్లగడ్డ శిల్పి మొండివాడు. తుపాకి ఏ చేతిలో ఉండాలో తేలితే గానీ ఉలి పట్టనంటాడు. ఓబులేష్ వాళ్లమ్మ గిడ్డమ్మను అడిగితే "వానిది ఎడంచెయ్యి వాటం. శానా కొడితిని, మారలే" అంటుంది. మీరే చెప్పాలి.

ఇట్లు,
గోపన్న

తా.క.: పక్క ఊరి విగ్రహానికి తుపాకి ఉంది. మాది జానెడు పొడుగ్గా ఉండేట్టు రాయండి.

ప్రొద్దుటూరు,
జూన్ 2004

గౌరవనీయులైన గోపన్న గారికి,

మీ ఉత్తరం చదివి ఆ పూటకు కొట్టు మూసేశాను.

ఓబులేష్ చేతిలో తుపాకి లేదండీ. అది ఆ దేశంవాళ్లు తమలో తాము కొట్టుకుంటున్న యుద్ధం, మధ్యలో మమ్మల్ని పంపారు. జాఫ్నా అవతల ఒక తాటితోపులో తిరుగుబాటుదారులు మమ్మల్ని చుట్టుముట్టారు. ఆ పోరు గురించి ఏ పేపరూ రాయలేదు. మాలో ఒకడికి తొడలో తూటా దిగి కదల్లేకపోయాడు. ఓబులేష్ తుపాకి పారేసి, అతణ్ణి భుజాన వేసుకొని పరిగెత్తాడు. తోపు దాటించి దించాక గానీ తెలియలేదు, తనకూ తగిలిందని. "నీళ్లుండాయా సార్?" అన్నాడు. ఎవరో తెచ్చేలోగా పోయాడు.

చెక్కిస్తే అలాగే చెక్కించండి.

మీ
వాసుదేవ్

తా.క.: పక్క ఊరి తుపాకితో మనకు పోటీ వద్దు.

పత్తికొండ దగ్గరి నుంచి,
సెప్టెంబరు 2004

కెప్టెన్ గారికి,

కొంప మునిగింది. మీరు చెప్పినట్టే, భుజాన మనిషితోనే విగ్రహం నిలబెట్టాం. ఖర్మకొద్దీ అది మంగళవారం. "యాడ యుద్ధమప్పా?" అని ఒకామె అడిగింది. "లంకలో" అన్నాను. నా నోరు పడిపోనూ! లంక, భుజాన మనిషి, మంగళవారం. ఇంకేం కావాలి? పొద్దు వాలేలోపు సిందూరం పూసేశారు. పై వారానికి ఆకుపూజ మొదలైంది. భుజం మీదున్నది లక్ష్మణస్వామి అని తీర్మానించేశారు.

నవ్వుకుని ఊరుకుందును. కానీ పెద్దల అమావాస్య వస్తోంది. పోయినవాళ్లకు ఇష్టమైంది వండి పెట్టే రోజు కదా. గిడ్డమ్మ సంగటి, పొట్టేలు కూర చేసి కొడుకు ముందు పెడతానంది. ఊరు అడ్డం తిరిగింది. "ఆంజనేయసామి ముందర నీసు పెడ్తావా?" అని కేకలేశారు.

"దేవున్ని మీరే పెట్టుకోండప్పా, నా కొడుకును నాకియ్యండి. సచ్చిపోతే యాడనో కాల్చిరి. నోట్లో ఇన్ని నీళ్లు గూడా పొయ్యలేకపోతిని. ఇప్పుడన్నా ఇంత ముద్ద పెట్టనీండి" అంది. నాకు ఏడుపొచ్చింది. నేను చెబితే ఎవరూ వినడం లేదు. భుజం మీది మనిషి పేరు రాసి పంపండి, ఊరికి చూపిస్తాను.

ఇట్లు,
గోపన్న

తా.క.: తోక ఎప్పుడు చెక్కుతావని శిల్పికి ఫోన్లు పోతున్నాయి.

ప్రొద్దుటూరు,
అక్టోబరు 2004

గోపన్న గారూ,

భుజం మీద ఉన్నది నేనే. ముందే రాయాల్సింది. పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆడలేదు. "నన్ను వదిలేసి పోరా" అని ఆర్డరు వేశాను. ఓబులేష్ నా మాట కాదన్నది ఆ ఒక్కసారే.

కాగితం చూపిస్తే మీవాళ్లు నమ్మరు. అమావాస్యకు నేనే వస్తున్నాను. మీ లక్ష్మణస్వామి కుంటుకుంటూ బస్సు దిగుతాడు, ఇన్నాళ్లూ ప్రొద్దుటూరులో గుడ్డలు కొలుచుకుంటున్నాడు అని ఊళ్లో అందరికీ చెప్పండి. గిడ్డమ్మ గారిని నిశ్చింతగా వండమనండి. కొడుక్కి వడ్డించి, ఆ విస్తట్లోదే నాకూ పెట్టమనండి. లక్ష్మణస్వామే కూర్చుని పొట్టేలు కూర తింటుంటే, అది దేవుడి బొమ్మ అని ఎవరంటారో చూద్దాం.

మీ
వాసుదేవ్

తా.క.: మేం వైశ్యులం. పుట్టాక ఇంతవరకు నేను మాంసం ముట్టలేదు. ఆ సంగతి ఆమెకు చెప్పకండి. కారం మాత్రం కాస్త తగ్గించమనండి.