‘రాదు’ అన్న మాట

మార్చి 4, 2025, మంగళవారం

సాయంత్రం వేణు పైకొచ్చాడు. అన్నయ్య కొడుకు. కార్వాన్‌లో మా ఇంటి కింద పాలకొట్టు, పైన నేను. పుట్టినప్పటి నుంచి వాడు సగం నా గదిలోనే పెరిగాడు. తలుపు దగ్గరే నిలబడి, పెళ్ళి చేసుకుంటనత్తా అన్నాడు. ఎవరినిరా అంటే సుజన అన్నాడు. లాడ్ బజార్ దగ్గర ఓ షాపులో మగ్గం వర్క్ చేస్తుందట. పుట్టుకతోనే హెచ్ఐవీ ఉందట. మొదట్లోనే దాచకుండా చెప్పిందట, మీ ఇంట్ల చెప్పకుంట నేను రాను అందట.

ఏమీ తెలియనట్టు విన్నాను. సుజన నా హెచ్ఐవీ స్టడీలో పిల్ల, ఏళ్ళుగా నేనే డాక్టర్ని. దబీర్‌పురా క్లినిక్‌లో మందు చేదని నా కోటు మీద ఉమ్మిన రోజుల నుంచి తెలుసు. పేషెంట్ సంగతి బయట చెప్పకూడదు. వేణుకైనా సరే.

వాడడిగింది ఒక్కటే. మందులు వాడుతుంటే అది నాకు రాదని అమ్మకు నువ్వు చెప్పు, బర్రెకు జ్వరమొచ్చినా నిన్నే అడుగుతది గదా అన్నాడు. నవ్వొచ్చింది. ఇదేం పెద్ద పనిరా, ఆదివారం చెప్తా పో అన్నాను.

మార్చి 6, గురువారం

జెనీవా నుంచి మెయిల్. జూన్ కాన్ఫరెన్స్‌లో అందరి ముందు చేసే ప్లీనరీ ప్రసంగం నాదే. టాపిక్: హెచ్ఐవీ చుట్టూ జనాల భయం. నిద్రలో లేపి అడిగినా మాట్లాడతాను దీని మీద.

మార్చి 9, ఆదివారం

ఇవ్వాళ్టిది రాయబుద్ధి కావట్లేదు. అయినా రాస్తాను.

పొద్దున కొట్టు వెనక గదిలో కూర్చున్నాం. వేణు అన్నీ వాళ్ళమ్మకు చెప్పేశాడు. వదిన వాడిని తిట్టలేదు, నా వైపు తిరిగింది. కళా, మా పోరనికి గా రోగం వస్తదా, రాదా, గదొక్కటి చెప్పు అంది.

రాదు. అంతే చెప్పాలి. మందులతో రక్తంలో వైరస్ కనబడనంత తగ్గితే అది రెండో మనిషికి పోదు. నా స్టడీలో ఒక్కరికీ పోలేదు. జాంబియాలో నర్సులకు బోర్డు మీద రాసి మరీ చెప్పొచ్చాను ఈ సంగతి.

నా నోట్లోంచి వచ్చింది వేరు. ఇప్పటిదాకా ఒక్క కేసూ లేదు వదినా, కానీ సైన్స్‌లో నూరు శాతం అని ఎవరూ అనరు అన్నాను. మందులు మానేస్తే కథ వేరు అన్నాను. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ అని లెక్కల మాట కూడా ఒకటి అన్నాను, పాల క్యాన్ల మధ్య కూర్చుని. ఒక్క ముక్క అబద్ధం లేదు. వదిన చెవిలో అది ఏమని పడుతుందో తెలిసే అన్నాను.

గట్లయితే వద్దే వద్దు అంది వదిన. డాక్టరే గిట్లంటుంటే ఇంకేందిరా అన్నాడు అన్నయ్య. వేణు నా ముఖంలోకి చూశాడు. నేను క్యాన్ మూత వైపు చూశాను.

ఎందుకన్నాను? వాడు నా వేణు కాబట్టి. పక్కింటి పిల్లాడైతే రాదని గట్టిగా చెప్పి, అనుమానపడ్డ తల్లికి నాలుగు చీవాట్లు తగిలించి మరీ వచ్చేదాన్ని. ఊళ్ళోవాళ్ళకు చెప్పే సైన్స్ మా ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మార్చి 10

వేణు పైకి రాలేదు.

మార్చి 18, మంగళవారం, మధ్యాహ్నం

సుజనకు చెకప్ ఇవ్వాళ. జూనియర్‌ని చూడమని చెప్పి తప్పించుకుందామనుకున్నాను. తనే నా రూమ్‌లోకి వచ్చేసింది.

లొల్లి చెయ్యలేదు. చేసినా బాగుండేది. మందులు వేసుకుంటే ఎవ్వరికి అంటదని చిన్నప్పటిసంది మీరే చెప్పిన్రు మేడమ్, గది నిజమేనా, లేకుంటే మేం ఏడ్వొద్దని చెప్పిన్రా అని అడిగింది.

నిజమే అన్నాను. మరి వేణు వాళ్ళింట్ల వేరే తీరు చెప్పిన్రట గదా అంది. భయపడ్డానమ్మా అన్నాను. నన్ను జూసేనా మేడమ్ అంది.

ఆమె ఫైలు తెరిచి మళ్ళీ మూశాను. నేనే వేణును రావద్దంటా తియ్యి అంది. మాత్రలు ఏ ఆస్పత్రిలోనైనా ఇస్తారు. ఎవరికీ అంటుకోదన్న ధైర్యం ఇచ్చింది నేను, గుంజుకున్నదీ నేనే. సాయంత్రం దాకా ఆగమని బతిమాలాను. సరే మేడమ్ అని, రక్తం ఇవ్వడానికి లేచి వెళ్ళింది.

అదే రోజు, సాయంత్రం

క్లినిక్ నుంచి సరాసరి కొట్టుకే వెళ్ళాను. వదినా, రాదు, ముమ్మాటికీ రాదు, ఆ రోజు నేను పిరికిదానిలా మాట్లాడాను అన్నాను. వదిన పాలు పోస్తూనే ఉంది. పోరడు తిండి మానేసిండని గిట్లంటున్నవు కళా, నీ ప్రేమ నాకు తెల్వదా, ఆ దినం చెప్పిందే అసలు మాట అంది.

వేణు మీద ఒట్టేశాను. ప్రపంచంలోని డేటా అంతా చేతిలో పెట్టుకుని ఒట్లకు దిగాను. వదిన నా భుజం తట్టి, ఫికర్ చెయ్యకు, మంచి సంబంధం చూద్దాం అంది.

ఏప్రిల్ 21, సోమవారం

రిజిస్టర్ పెళ్ళి అయింది. సుజన వద్దంటూనే ఉందట, వేణు వినలేదు. అన్నయ్యా వదినా రాలేదు. సాక్షి సంతకం నాది. ఇక్కడ పెట్టండి అన్నాడు వేణు. నన్ను ‘అండి’ అన్నాడు. సుజన మాత్రం నా చేతిలో స్వీటు పెట్టింది, తినలేకపోయాను.

జూన్ 12, గురువారం, జెనీవా

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. స్లైడ్ మీద, మందులు వాడేవాళ్ళ నుంచి సోకిన కేసులు: పెద్ద సున్నా. హాలంతా నమ్మింది. బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

జూన్ 16, సోమవారం

కింద టీ. అన్నయ్యకూ వదినకూ స్టీలు గ్లాసులు. నాకు పేపర్ కప్పు. ఇదేంటి వదినా అంటే, తప్పు వట్టకు కళా, దినాం గా రోగమున్నోళ్లను ముట్టుకొని వస్తవు, ఇన్నొద్దులు మాకు తెల్వకపాయె అంది.

తాగాను.