అబ్బాజాన్ నీళ్ళలో ఏడు చేపలు

నల్గొండ
6 మార్చి 1962

కొల్లాపూర్‌లో ఉన్న ఇంటి యజమాని నూరుద్దీన్ సాబుగారికి, నల్గొండలో ఆ ఇంట్లో ఉంటున్న మల్లప్ప నమస్కరించి రాయునది.

ఇల్లు బాగున్నది. కింద నా సైకిళ్ళ దుకాణం, మేడ మీద కాపురం ఎప్పటిలాగే నడుస్తున్నాయి.

మీరు తాళం వేసుకుపోయిన నేలకింది తహఖానా తాళంచెవి పంపగలరు. అందులోని హౌజు తొట్టిలో నీళ్ళు మేడ మీదికి కావాలి. చేపల కోసం. కలరా భయంతో ఊళ్ళో బావులన్నిటిలో మందు కలిపారు. ఆ నీళ్ళలో ఇప్పటికే మూడు చేపలు పోయాయి. ఏడు మిగిలాయి. మీ హౌజులో ఉన్నవి వాన నీళ్ళు కనుక అడుగుతున్నాను.

ఇట్లు,
మల్లప్ప

తా.క.: మేడ మెట్లలో తొమ్మిదోది విరిగితే నేనే కొత్త బండ వేయించాను. మీరు దాని గురించి ఆలోచించవద్దు.


కొల్లాపూర్
12 మార్చి 1962

మల్లప్పకు నూరుద్దీన్ సలాం.

నేను చెప్తాంటే మా కోడలు జాహేదా రాస్తాంది. ఒక్క అక్షరం ఇడువకుండ రాయమన్న.

చేపలేందయ్యా? నువ్వు మెడల లింగం కట్టినోనివి. మా ఇంట్ల కోడిగుడ్డు ఉడికితే నీ కిటికీ మూసుకునేటోనివి. ఇప్పుడు మేడ మీద చేపల దందా పెట్టినవా? ఆ అర్ర మా అబ్బాజాన్ నమాజు చేసుకున్న అర్ర! నీసు వాసన గోడలకు పట్టిందంటే నాలుగు సున్నాలేసినా పోదు. తొమ్మిదో మెట్టు ఎట్ల విరిగిందో ఇప్పుడు సమజైంది. గంపలు మోసి మోసి విరగ్గొట్టినవ్.

ఇగ ఆ హౌజు నీళ్ళంటవా, అవి మా అబ్బాజాన్ నిలవబెట్టిన నీళ్ళు. వాటితోని పప్పు ఒక్క ఉడుకుకే మెత్తగైతది. చాయ్ పెడితే గల్లీ అంతా వాసన. వాటిల్ల చేపలు కడుగుతవా? తాళంచెవి నా నడుముకే ఉన్నది, నడుముకే ఉంటది.

మీ ఇంటామె భద్రమ్మను అడిగిన్నని చెప్పు.

నూరుద్దీన్

తా.క.: మల్లప్ప కాకా, ఇది జాహేదా సొంతంగా రాస్తున్నది. మామగారికి తెలుగు చదవడం రాదు. కాబట్టి ఈ కింద మనం ఏమైనా రాసుకోవచ్చు. చేపలకు పులుసు పెడుతున్నారా, వేపుడా? పులుసైతే మెంతులు మరవకండి.


నల్గొండ
17 మార్చి 1962

నూరుద్దీన్ సాబుగారికి నమస్కారం.

చేపలు తినడానికి కాదు, అమ్మడానికి కాదు. బతికి ఉన్నాయి. ఎర్రగా, చిటికెన వేలంత ఉంటాయి. ప్రస్తుతం గంగాళంలో ఉన్నాయి. వాటి కోసం నాలుగు అడుగుల పొడవు అద్దాల పెట్టె కట్టాను. ముప్పై బిందెలు పడుతుంది. బిందెలతో మోయను. పంపుతో ఎక్కిస్తాను. పంపు తయారైంది. ఇక తాళంచెవే కావాలి.

ఇట్లు,
వాసన లేని మేడ మీది నుంచి,
మల్లప్ప

తా.క.: బిడ్డా జాహేదా, ఇది సాబుగారికి చదివి వినిపించకు. చేపలు మా భద్రమ్మ కోసం. పద్నాలుగు నెలల కింద తొమ్మిదో మెట్టు విరిగి ఆమె పడింది. తొడ ఎముక అతుక్కుంది. నడవాలి, మెట్లు దిగాలి అంటున్నాడు డాక్టరు. ఆమె దిగదు. మెట్ల వైపు కూడా చూడదు. నెలల తరబడి గోడకేసి తిరిగి పడుకుంది. గంగాళంలో చేపలు తెచ్చిన రోజు ఇటు తిరిగి, "ఇవి ఏం తింటయ్?" అని అడిగింది. నాలుగు నెలల్లో ఆమె అడిగిన మొదటి మాట అది. సాబుగారికి చెబితే తన మెట్టు వల్లే అయిందని బాధపడతారు. అందుకే చెప్పలేదు.


కొల్లాపూర్
24 మార్చి 1962

ఓ మల్లప్పా,

ముప్పై బిందెలా! మా దూలాల మీద చెరువు తవ్వుతున్నవా? మన గొర్ల బీరన్న నల్గొండ సంతకు పోయి వచ్చిండు. ఏం చెప్పిండో ఎరుకనా? "సాబూ, నీ ఇంటి కిటికీలకెల్లి పాము లెక్క నల్లటి గొట్టం ఏలాడుతాంది. మల్లప్ప దుకాణంల చక్రాల్లేని సైకిలెక్కి చెమటలు కారంగ తొక్కుతాండు. సైకిల్ మాత్రం జానెడు జరుగుతలేదు" అన్నడు. నీకు మతి సక్కగున్నదా అని నేను అడుగుతలేను. బీరన్న అడుగుతాండు.

అది ఇల్లా, హమామ్‌ఖానానా? మేడ మీద తానాలకు మనుషులు వస్తున్నరని ఇక్కడ నలుగురు నాలుగు తీర్ల అనుకుంటున్నరు. ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యి. ఇరవై ఏండ్ల సోబతి అని చూడను.

ఇది ఆఖరి మాట.
నూరుద్దీన్

తా.క.: మల్లప్ప కాకా, ఈ ఉత్తరంతో పాటు బట్టలో కుట్టిన వాము పొట్లం వస్తుంది. వాము మీకు అక్కర లేకపోయినా పొట్లం మాత్రం విప్పండి. మామగారి నడుముకున్నది ఒక తాళంచెవి. ఉప్పు జాడీ వెనుక ఉన్నది రెండోది. ఖాళీ చేయమన్న మాటకు భయపడకండి. నన్ను ఇప్పటికి ఆరుసార్లు పుట్టింటికి పొమ్మన్నారు.


నల్గొండ
5 ఏప్రిల్ 1962

నూరుద్దీన్ సాబుగారికి నమస్కారం.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మార్చి 29న మీ హౌజు నీళ్ళు మేడ ఎక్కాయి. యుద్ధం రోజుల్లో నిప్పులార్పడానికి వాడిన పాత చేతిపంపుకు సైకిల్ గొలుసు తగిలించి తొక్కాను. మొదటిసారి తోలు వాషరు చినిగింది. రెండోసారి గొట్టం ఊడి దుకాణం తడిసింది. మూడోసారి ఇరవై నాలుగు అడుగుల ఎత్తుకు నీళ్ళు ఎక్కాయి. గంటా ఇరవై నిమిషాలు తొక్కితే పెట్టె నిండింది. దూలాలకు ఏమీ కాలేదు. చేపలు నాలుగు రోజులు అందులో బాగా తిరిగాయి.

ఏప్రిల్ 2న పొరపాటు జరిగింది. పంపు కడుగుదామని కిందికి దిగి, గొట్టం కిందికొస పంపు నుంచి ఊడదీసి హౌజులోకి వదిలాను. పైకొస పెట్టె అడుగునే ఉన్నది. ఎక్కిన నీళ్ళన్నీ అదే గొట్టంలో వెనక్కి దిగి హౌజులో పడ్డాయి. పై నుంచి భద్రమ్మ, "ఓ అయ్యా! నీళ్ళు గుంజుకపోతున్నయ్! చేపలు పోతున్నయ్! నీ చెవులల్ల ఏం పెట్టుకున్నవ్?" అని కేకలు వేసింది. చివరి జానెడు నీళ్ళతో చేపలు కూడా వచ్చాయి. కింద నిలబడి లెక్కపెట్టాను. ఏడూ వచ్చాయి.

కనుక ఇప్పుడు మీ అబ్బాజాన్ నీళ్ళలో ఏడు చేపలు ఉన్నాయి. క్షమించగలరు.

ఇట్లు,
ఇంకా ఖాళీ చేయని
మల్లప్ప

తా.క.: బిడ్డా జాహేదా, వాము బాగున్నది. భద్రమ్మ మూడు రోజులుగా చేపల తిండి గురించి తప్ప నాతో మరో మాట మాట్లాడటం లేదు.


నల్గొండ
12 ఏప్రిల్ 1962

బేటీ జాహేదాకు నూరుద్దీన్ దువా.

ఈసారి నేను చెప్తాంటే మల్లప్ప రాస్తాండు. అక్షరాలు నీకన్న గుండ్రంగ ఉన్నయట, వాడే చెప్పిండు. (నేను చెప్పలేదు. మ.)

నువ్వు ఆ జాబు చదవంగనే నేను బస్సెక్కిన గద. రెండు బస్సులు మారిన. దారి పొడుగూత తిట్లు ఏరుకుంట వచ్చిన. దుకాణంల మనిషి లేడు. తహఖానా తలుపు బార్ల తెరిచి ఉన్నది. దబదబ దిగిన. చూస్తే హౌజు గట్టు మీద భద్రమ్మ కూసొని మరమరాలు నలిపి నీళ్ళల్ల ఏస్తాంది. నన్ను చూసి లెవ్వలేదు. "చెప్పులు ఇడిసి రా సాబూ, నీళ్ళల్ల దుమ్ము పడ్తది" అన్నది. నా తహఖానాల! నేను ఇడిసిన.

అప్పుడు మొత్తం చెప్పింది. పడ్డది, ఎముక విరిగింది, పద్నాలుగు నెలలు మేడ దిగలేదు. చేపలకు తిండి ఎవరేస్తరని మూడు రోజులు మొత్తుకున్నదట. మల్లప్ప "మరిచిన" అనుకుంట తిరిగిండట. నాలుగో రోజు ఆమెనే మొదలుపెట్టింది. మేడ మీది ఇరవై రెండు మెట్లు, తహఖానా తొమ్మిది మెట్లు, కూసొని కూసొని జరుగుకుంట దిగిందట.

"మేడ తొమ్మిదో మెట్టు కాడ ఆగి కడుపునిండ తిట్టిన" అన్నది.

"ఎవర్ని?"

"నిన్నే సాబూ, ఇంకెవర్ని? మెట్టు నీదే గద."

బేటీ, ఆ మెట్టు బీట ఇచ్చిందని నాకు ఎరుకే. వచ్చే ఏడు చూద్దాం అనుకుంట మూడేండ్లు గడిపిన. ఈ మల్లప్ప ఒక్క మాట అనలేదు. నేను పైంగ గంపలు మోసి విరగ్గొట్టినవని రాయించిన. మల్లప్ప లాంటోడు ఈ జిల్లాల లేడు. ఇది రాయనంటాండు. నేను ఇక్కన్నే నిలబడ్డ, రాసేదాక కదల.

ఇగ ఎవ్వరూ ఇల్లు ఖాళీ చేసేది లేదు. రేపు మేస్త్రీ వస్తాండు, మెట్లన్నీ కొత్తవి, రెండు దిక్కుల పట్టుకునే కమ్మీలు. భద్రమ్మ రోజుకు రెండుమాట్ల దిగుతాంది, ఎక్కుతాంది. హౌజుల ఒక్క దోమపిల్ల లేదు, చేపలు సాఫ్ చేసినయ్. ఆ నీళ్ళతోనే చాయ్ పెట్టిచ్చుకొని తాగిన. బాగానే ఉన్నది. రెండో కప్పు అడగలేదు.

ఒక్క ముచ్చటనే సమజైతలేదు. తాళం పగలలేదు. తాళంచెవి నా నడుముకే ఉన్నది. తలుపెట్ల తెరిచినవంటే మల్లప్ప వాము మంచిదంటాండు. నీకేమన్న ఎరుకనా బేటీ?

మీ మామ
నూరుద్దీన్

తా.క.: బిడ్డా జాహేదా, ఇది నా మాట. సాబుగారు కింద చేపలకు పేర్లు పెట్టే విషయంలో భద్రమ్మతో వాదిస్తున్నారు. మిగిలిన వాము తిరిగి పంపుతున్నాను. పొట్లం విప్పి చూసుకో, ఉప్పు జాడీ వెనుక పెట్టుకో.

ఇంకొక సంగతి. ముప్పై ఏళ్ళుగా పంపులు విప్పుతున్నాను. పైకొస తీయకుండా కిందికొస ఊడదీస్తే నీళ్ళు ఎటు పోతాయో నాకు తెలుసు. పెట్టె నిండిన రోజు ఆమె మంచం అద్దం పక్కకు జరిపించుకున్నది. నాలుగు రోజులు చూశాను. చేపలు పైన ఉన్నన్నాళ్ళు ఆమె కూడా పైనే ఉంటుందని తెలిసింది.

రోజూ జరిగింది రాసుకునే పుస్తకంలో ఏప్రిల్ 2 కింద "పొరపాటు" అని రాశాను. ఆ పుస్తకంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే. కొట్టివేయదలచుకోలేదు.