టబ్బులో కలిసిన కొంగలు

శుక్రవారం, రాత్రి భోజనాలయ్యాక

గోళ్ళ సందుల్లో మట్టి ఇంకా పోలేదు.

నా మూడో తరగతి పిల్లలు వారమంతా గోదావరి కాలవ ఒండ్రుమట్టితో బొమ్మలు చేశారు. పీతలు, కొంగలు, ఆకుల అచ్చులు వేసిన పలకలు. రేపు పేరెంట్స్ మీటింగ్‌లో పెట్టాలి. "యూనిఫాంలు పాడవుతున్నాయని ఫోన్లు వస్తున్నాయండి. రేపు వాళ్ళకి నచ్చకపోతే ఆ మట్టిబొమ్మల పీరియడ్ లెక్కలకి ఇచ్చేద్దాం," అని ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పేశారు.

మధ్యాహ్నం బల్లల కోసం పక్క గదికెళ్ళి వచ్చేసరికి ఎండబెట్టిన బొమ్మలన్నీ నీళ్ళ టబ్బులో ఉన్నాయి. చుట్టూ నిలబడి అందరూ జై కొడుతున్నారు. కొంగల మెడలు అప్పటికే కరిగిపోయాయి.

"ఏంటర్రా ఇది!" అని అరిచాను.

లాస్య మాత్రం బెదరలేదు. "మట్టిబొమ్మల్ని నీళ్ళలో కలపాలి కదా టీచర్? వినాయకుణ్ణి మా ఇంట్లో అలాగే కలుపుతాం," అంది.

ఏమని తిట్టను? ఇంట్లో చూసిందే చేశారు. ఆ ఇంటివాళ్ళేమో రేపొచ్చి మట్టి మురికంటారు!

పొద్దున్నే టబ్బు పైనీళ్ళు వంచేస్తాను. అడుగున దిగిన మట్టిలో, మిగిలిన పొడిమట్టి కలిపి, పిసికి, మీటింగ్ బల్లల మీద ముద్దలు పెడతాను. పిల్లలు మళ్ళీ చేస్తారు, పక్కన కూర్చుని వాళ్ళ అమ్మానాన్నలూ చేస్తారు. ఒకవేళ ఎవరూ ముట్టుకోకపోతే...

చెంగు దోపుకుని ముందు నేనే కూర్చుంటాను. ఆ పీరియడ్ ఉండాలో వద్దో అందరం చేతులు కడుక్కుంటూ మాట్లాడుకుందాం, ప్రిన్సిపాల్ గారితో సహా.