ఇంటి రక్తం

సోమవారం

ప్రియమైన తమ్ముడూ,

నువ్వు చదవకుండా సంతకం పెడతావు. కాగితం మీద అంకె కనబడితే చాలు, అది ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నీకక్కర్లేదు. ముందు ఈ మాట అనేసి తర్వాత కుశలం అడుగుతాను. ఏమీ అనుకోకు. అనుకున్నా ఫర్వాలేదు.

మూడు సోమవారాలుగా మా ఆస్పత్రి ల్యాబు నుంచి మీ ల్యాబుకు వచ్చే ట్రేల పెట్టెలో చీటీ పెడుతున్నాను. ‘కొత్త పద్ధతిలో ఇంటి రక్తం గుంటలో చుక్కలు ఎక్కువ. చూడగలరు’ అని. ఎంత మర్యాదగా రాస్తే అంత బాగా మర్చిపోతారు మీరు. ఫోను చేస్తే నీకు ఎప్పుడూ మీటింగే. అందుకే ఈ ఉత్తరం.

నీకే పాఠం చెబుతున్నానని నవ్వకు. మనిషి రక్తంలోంచి కణాలు తీసి, ట్రేలోని గుంటలో పోసి, క్షయ క్రిమి ముక్కలు కలుపుతాం. ఆ క్రిమిని అంతకుముందే ఎరిగిన కణం ఉలిక్కిపడి ప్రోటీన్ వదులుతుంది. గుంట అడుగున ఉన్న పొర దాన్ని పట్టుకుంటుంది. రంగు వేస్తే కణానికో చుక్క. పాత పద్ధతిలో గట్టిగా అరిచిన కణమే కనబడేది. నీ కొత్త పొర, కొత్త రంగు వచ్చాక గొణిగే కణం కూడా కనబడుతోంది. ఆ మేరకు నీకు దండం.

కానీ పోల్చి చూడటానికి పక్కన ఆరోగ్యవంతుల రక్తం ఒక గుంటలో ఉండాలి కదా. పదకొండేళ్లుగా ఆ రక్తం నాది. ‘అక్క నరం తాడులా దొరుకుతుంది, పైగా రాయిలాంటి మనిషి’ అని మీరే ఖాయం చేశారు. ఇంటి రక్తం అని పేరూ పెట్టారు. అందులో ఎప్పుడూ రెండు మూడు చుక్కలే. ఇప్పుడు పంతొమ్మిది! నువ్వేమో ఆ పంతొమ్మిదీ మురికి అనుకుని ప్రతి రోగి లెక్కలోంచీ తీసేస్తున్నావు. ఒక బడిపంతులమ్మకి ఇరవై రెండు చుక్కలొస్తే మూడు మిగిల్చావు. ఆరు దాటలేదు కాబట్టి ‘క్రిమి లేదు’ అని నీ సంతకం. నీ సంతకం పడితే ఛాతీ ఫొటో కూడా ఎవరూ తీయించరు. ఆవిడ నా చేతులు పట్టుకుని నవ్వి, మర్నాడే బడికి వెళ్లిపోయింది.

మురికి చుక్కకి అంచు కత్తితో కోసినట్టుంటుంది. కణం వదిలిన చుక్క నడుమ చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటుంది. నా గుంటలోవన్నీ రెండో రకం. నీ పద్ధతిలో ఎక్కడో బొక్క ఉంది, వెతుక్కో.

మరదలికి మోకాలు తగ్గిందా? ఈ రంగుల ఘాటుకి నాకు దగ్గు పట్టుకుని వదలడం లేదు.

కోపంతోనే అయినా ప్రేమతో,
అక్క

గురువారం

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపించాను. ‘మీ అక్కయ్య ల్యాబులో ఎందుకున్నారండీ, కోర్టులో ఉండాల్సింది’ అంది. మోకాలు తగ్గింది.

కొత్త పద్ధతి ఏదైనా మొదట్లో కాస్త గోల చేస్తుందే. చెవి పెరిగితే చప్పుడూ పెరుగుతుంది. ఆ గోలని తీసేయడానికే గదా ఇంటి రక్తం! నీకంటే నికార్సైన రక్తం ఎక్కడ దొరుకుతుంది? చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ జ్వరంతో మంచమెక్కితే నువ్వొక్కదానివే గంజి కాచి అందరికీ తాగించావు.

వచ్చే నెల డాక్టర్ల సభలో ఈ పద్ధతి గురించి నేను మాట్లాడాలి. క్రిమి ఉందని తేలేవాళ్లు సగానికి తగ్గారు. అంటే ఇన్నాళ్లూ మనం అనవసరంగా భయపెట్టిన వాళ్లు తగ్గారన్నమాట. కాస్త సంతోషించవే.

చుక్కలు నువ్వు లెక్కపెట్టు, వాటి అర్థం నేను చూసుకుంటాను. దగ్గుకి వేడినీళ్లు తాగు.

నీ తమ్ముడు

సోమవారం

ప్రియమైన తమ్ముడూ,

అర్థం చూసుకునేవాడా, కూర్చుని చదువు.

నీ మాటకి ఒళ్లు మండి, నీ పద్ధతి పనికిరాదని రుజువు చేద్దామని బయల్దేరాను. పెట్టె మోసే బండి డ్రైవర్ని, ఊడ్చే ఆవిడని, గేటు దగ్గర కాపలాదారుని కూర్చోబెట్టి తలా కాస్త రక్తం తీశాను. ‘నా రక్తంలో ఏముందమ్మా, టీ తప్ప!’ అన్నాడు డ్రైవరు. అదే ట్రే, అదే పొర, అదే రంగు. నా రక్తం కూడా పక్కనే పెట్టాను. ఆ ముగ్గురి గుంటల్లోనూ పాతికో ముప్ఫైయో వస్తాయి, అప్పుడు నీ మొహాన కొడదామనుకున్నాను.

డ్రైవరుకి సున్నా. ఊడ్చే ఆవిడకి ఒకటి. కాపలాదారుకి సున్నా.

నాకు ఇరవై ఒకటి.

భూతద్దం దించి మళ్లీ పెట్టాను. మళ్లీ ఇరవై ఒకటే. ఊడ్చే ఆవిడ ‘ఏమైందక్కా, మొహం అలా తెల్లబోయింది?’ అంటే ఆ అంకె రాసి చూపించాను. ముప్ఫై ఏళ్లు ఇంకొకరి చుక్కలు లెక్కపెట్టిన దాన్ని, నావి నావనుకుని లెక్కపెట్టడం ఇదే మొదటిసారిరా.

నీ పద్ధతిలో ఏ బొక్కా లేదు. చాలా మంచి పద్ధతి. నువ్వు మురికని తీసేసినవి నా కణాలు. అవి నిజమే చెబుతున్నాయి.

మధ్యాహ్నమే ఛాతీ ఫొటో తీయించాను. కుడివైపు పైన మచ్చ ఉంది. కఫం పరీక్షలో క్రిమి దొరికింది. దగ్గు రంగుల ఘాటు వల్ల కాదు. ఆరు నెలల మందులు ఇవాళే మొదలుపెట్టారు.

నా సంగతి సరే. నాలో ఉన్న క్రిమి గుర్తుల్ని ఎంతమంది లెక్కలోంచి తీసేశావో చూసి చెప్పు.

అక్క

గురువారం

అక్కా,

మూడుసార్లు లెక్కపెట్టాను. నలభై ఒక్కమంది, క్రిమి ఉన్నా లేదన్నవాళ్లు.

నీకు ఒకటి చెప్పాలి. నీ చీటీలు మూడూ చదివాను. నా కింద పనిచేసే అమ్మాయి కూడా అడిగింది, ‘సార్, ఇంటి రక్తం ఒకసారి మార్చి చూద్దామా’ అని. మా అక్కకి జబ్బేమిటి అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను. మారిస్తే అంకెలన్నీ మళ్లీ మొదటినుంచి చెయ్యాలి, సభకి అందవు అని కూడా అనుకున్నాను. రెండూ అనుకున్నాను.

నిన్ను బతిమాలుకుంటున్నాను. సభకి ఇంక పదిహేను రోజులే. అది కాగానే అందర్నీ పిలిపిద్దాం. అంతవరకూ మన మధ్యే ఉంచు. నువ్వు మాత్రం మందులు మానకు.

నీ తమ్ముడు

సోమవారం

ప్రియమైన తమ్ముడూ,

చదవకుండా సంతకం పెడతావని నిన్ను తిట్టాను. నాదే తప్పు. చదివే పెట్టావు. నా మచ్చ కంటే ఈ మాట నన్ను ఎక్కువ నిలువునా కోసింది. నిర్లక్ష్యం అనుకుని తిట్టుకుంటూ తిరిగాను, చిన్నవాడివి కదా అని లోపల్లోపల వెనకేసుకొస్తూ.

పదిహేను రోజులు ఆగమన్నావు. నిన్న బడిపంతులమ్మని మోసుకొచ్చారు. రుమాలు నిండా రక్తం. ఆవిడ తరగతి పిల్లలు ఇద్దరు దగ్గుతూ వెనకాల వచ్చారు. మాస్కు కట్టుకుని కిటికీ అవతల నుంచున్న నన్ను చూసి, ‘లేదన్నారుగా అమ్మా?’ అంది. తిట్టినా బాగుండేది. నీ సభలో ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నకి జవాబు చెప్పు.

రాయిలాంటి మనిషి! అందరికీ గంజి కాచిన ఆడది ఎప్పటికీ జబ్బుపడదని ఏ శాస్త్రంలో ఉందిరా? చూసుకునే తీరికలేక దాన్ని మెచ్చుకోలు చేశారు. నేనూ ఆ మెచ్చుకోలు తిని పదకొండేళ్లు సూదికి చెయ్యి చాపాను.

ఏడవను. నిన్ను ఏడవనివ్వను. ఈ ఉత్తరం నకలు మా పెద్ద డాక్టరు బల్లమీద ఉంది. ఇవి చెయ్యి:

నలభై ఒక్కమందినీ ఈ వారంలోనే పిలిపించు. కబురు పంపడం కాదు, మనుషుల్ని ఇళ్లకి పంపు.

కొత్త కాగితం మీద ‘మళ్లీ పరీక్ష’ అని కాకుండా ‘మేము తప్పు చెప్పాం’ అని రాయి.

ప్రతి రోగి రక్తాన్నీ క్రిమి ముక్కలు కలపకుండా ఇంకో గుంటలో పెట్టించు. ఆ లెక్కే తీసెయ్యి, ఇంకొకరిది తియ్యకు.

ఆరోగ్యవంతుల రక్తం అంటే ముగ్గురిది ఉండాలి, ముందు వాళ్లని పరీక్షించాలి.

ల్యాబులో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఏటా ఛాతీ ఫొటో తీయించు. ఊడ్చే ఆవిడతో మొదలుపెట్టు.

చుక్కలు లెక్కపెట్టినవాళ్లు అభ్యంతరం రాస్తే, దానికి జవాబు రాసేదాకా నీ సంతకం చెల్లదని రూలు పెట్టు.

ఇంటి రక్తం మారుద్దామన్న ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పు. అందరిముందు.

సభలో మాట్లాడు. పద్ధతి మంచిదని చెప్పు, మనం ఏం చేశామో కూడా చెప్పు.

బడిపంతులమ్మ దగ్గరికి నువ్వే వెళ్లు. కుర్చీ వేసుకుని కూర్చో. ఆవిడ అడిగినన్నిసార్లు చెప్పు.

అక్క